చెవితో కొనవలసిన కారు



రేడియోలో పనిచేయువారు రేడియో వినుటకు వీలు కాని బండిని గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. అయినను నేటి మా ప్రసంగము అట్టి బండిని గూర్చియే. ఇటలీ దేశమున ఆల్ఫా రోమియో సంస్థ ‘4 సి’ అను పేరుతో ఒక చిన్న కారును 2013 మొదలు 2020 వరకు తయారు చేసెను. పందెపు బాటను మనస్సునందుంచుకొని చేసి, వీథిలో నడుపుటకు అనుమతి పొందిన కారు ఇది. ఇప్పుడు క్రొత్తది దొరకదు. కావలసినవారు ఒకరు వాడినదానినే కొనవలెను. సంస్థ దీనిని మన దేశమునకు తెచ్చి అమ్మలేదు. కాని ఇంగ్లండులోను అమెరికాలోను స్థిరపడిన మనవారిలో ఇట్టి కార్లపై మనసు పడినవారు లేకపోలేదు. ఇంగ్లండులో నున్న మా మిత్రుడొకడు అట్టివాడు. అతడు కారు కొన్న వైనమును ఆధారముగా చేసికొని, ఇట్టి బండిని ఎట్లు పరీక్షింపవలెనో, కొన్న పిమ్మట దానితో ఎట్లు కాపురము చేయవలెనో చెప్పదలచితిమి.

ముందుగా ఆ కారు వంశమును గూర్చి రెండు మాటలు. వేగము కావలెనన్న ఇంజను బలమును పెంచుట ఒక మార్గము. మోయవలసిన బరువును తగ్గించుట మరియొక మార్గము. ఈ రెండవ విద్య ఇటలీవారికి పాతది. 1965లో ఈ సంస్థయే తన జూలియా కారునుండి జి.టి.ఎ. అను పందెపు రూపమును తీసెను. అందలి చివరి అక్షరము ‘అల్లెజెరీతా’ అను ఇటాలియను మాటకు గుర్తు. తేలిక చేయబడినది అని అర్థము. పైనుండు ఉక్కు రేకులకు బదులు అల్యూమినియము రేకులు తొడిగిరి. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్-40 కారులో రేడియో లేదు, కాళ్ల క్రింద తివాచీ లేదు. లోపలినుండి తలుపు తెరచుటకు పిడికి బదులు ఒక త్రాడు మాత్రమే ఉండెను. మహా ధనవంతులకు మాత్రమే అందిన ఆ నిరాడంబరత్వమును, చిత్రముగా, కొంత తక్కువ వెలకు అందించినది ఈ 4 సి.

మొడెనా పట్టణమునందలి మసెరాటీ కర్మాగారములో ఈ కారును కూర్చిరి. మనుష్యులు కూర్చుండు నడిమి తొట్టి కార్బన్ ఫైబరుతో చేయబడినది. దాని బరువు 65 కిలోలే. ఇద్దరు మనుష్యులు ఎత్తగలరు. నీరు, నూనె, పెట్రోలు పోయకమునుపు కారంతయు కలిసి 895 కిలోలు. మన వీథులలో తిరుగు మారుతీ స్విఫ్టు బరువు ఇంచుమించు ఇంతే. కాని ఇందలి 1742 సి.సి. టర్బో ఇంజను 240 అశ్వశక్తులనిచ్చును. నిలిచినచోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు నాలుగున్నర సెకండ్లు చాలును; పరమ వేగము 258 కిలోమీటర్లు. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగు అను ప్రసిద్ధమైన పందెపు బాట కలదు. దాని చుట్టుకొలత ఇరువది కిలోమీటర్లకు పైమాట. 2013లో ఈ కారు దానిని 8 నిమిషముల 4 సెకండ్లలో చుట్టివచ్చెను.

ఇక లేనివాటిని చెప్పుదము. ఇందులో పవర్ స్టీరింగు లేదు. నేడు మన చిన్న కార్లలో సయితము స్టీరింగు త్రిప్పుటకు విద్యుత్తు తోడ్పడును. ఇందులో త్రిప్పవలసినది చేతులే. ఆగియున్నప్పుడు త్రిప్పుట కష్టము. కదలినంతనే చక్రములు తేలికపడి, బాటలోని ప్రతి గరుకును అరచేతికి చెప్పును. ముందు మూత సామాను పెట్టుటకు తెరచుకొనదు. ఉన్న చిన్న పెట్టె ఇంజను వెనుక నున్నది, అది వేడెక్కును. అందులో చాకొలెట్లు పెట్టినచో ఇల్లు చేరునాటికి పానకమగును.

మా మిత్రుడు ఇంజనీరు. వయస్సు ఏబదికి దగ్గర. ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు, నలుగురు కూర్చుండు కారొకటి ముందే కలవు. మేము వారింట అతిథిగా నున్న సమయముననే ఈ కారు ప్రస్తావన వచ్చెను. అతని భార్య మావంక తిరిగి, “అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారేమిటి?” అనెను. మేము ఏమియు చెప్పలేకపోతిమి. చివరకు ఆమెయే రెండు షరతులు పెట్టెను. ఇంటి అప్పు వాయిదాలకుంచిన సొమ్మును ముట్టుకొనరాదు. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ కారు దుప్పటి కప్పుకొని షెడ్డులో నిద్రపోవుచున్నచో దానిని అమ్మివేయవలెను. అతడు రెండింటికిని ఒప్పుకొనెను. రెండవ షరతు ఎంత బరువైనదో అప్పుడు అతనికిని మాకును తెలియదు.

మొదట చూచిన కారు ఎఱ్ఱనిది. అద్దమువలె మెరయుచుండెను. మేము పోవుసరికే అమ్మువాడు ఇంజనును వేడి చేసి ఉంచెను. ఇది మొదటి అపశకునము. ఏలయన, ఇంజను తన రోగమును చల్లగా నున్నప్పుడే చెప్పును. రాత్రియంతయు నిలిచియున్న ఇంజనును ఉదయము మొదటిసారి త్రిప్పినప్పుడు వచ్చు టకటకలు, ఈలలు, పొగ, వేడెక్కిన పిమ్మట కానరావు. కావున కొనబోవువారు ముందుగానే, “మేము వచ్చువరకు స్టార్టు చేయవద్దు” అని చెప్పవలెను. వచ్చి, మాటలాడక వినవలెను.

అప్పటికే మిత్రుని మనస్సు ఆ ఎఱ్ఱదనమునకు లొంగినది; బయానా చెల్లించుటకు సిద్ధపడెను. ఒక్కసారి కారును లిఫ్టుపై కెత్తి క్రిందిభాగము చూపుమని మాత్రము అడిగెను. అమ్మువాడు, “అంత అనుమానమున్నవారికి అమ్మను” అనెను. మిత్రుడు కొంతసేపు ఆ కారువంకే చూచి నిలిచెను. పిమ్మట నమస్కరించి బయటకు వచ్చెను. తిరుగు దారిలో ఇద్దరము మాటలాడలేదు.

లిఫ్టుపై కెత్తి చూడవలెనని ఇంత పట్టుదల ఎందుకనగా, అంతయు ఆ తొట్టిలోనే ఉన్నది. ఉక్కు దెబ్బ తగిలినచో వంగును, సొట్టపడును, కంటికి కనబడును. మరమ్మతు చేయువాడు దానిని లాగి సరిచేయవచ్చును. కార్బన్ ఫైబరు అట్లు కాదు. అది నారపొరలను జిగురుతో అతికి కాల్చినది. దెబ్బ తగిలినప్పుడు లోపలి పొరలు విడిపోయి, పైభాగము నున్నగానే యుండవచ్చును. తుప్పు పట్టదు, నిజమే. కాని ఒకసారి గట్టిగా గాయపడిన తొట్టిని బాగుచేయుట సామాన్య మెకానికు పని కాదు. దానికి తగులు వ్యయము కారు విలువను మించినను ఆశ్చర్యము లేదు. ప్రమాదసమయమున మనుష్యుని కాపాడవలసినదియు ఆ తొట్టియే. కావున క్రిందిభాగమున గీతలు, పగుళ్లు, క్రొత్తగా పూసిన రంగు ఉన్నవేమో తెలిసినవానిచేత చూపింపక ఒక్క పౌను కూడ ఈయరాదు.

మిగిలిన పరీక్షలు సులభములు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. తక్కువగా తిరుగు ఇట్టి కార్లలో టైరు గాళ్లు లోతుగా నుండియు రబ్బరు ముసలిదై గట్టిపడియుండును. వానలో అది పట్టు తప్పును. ఇంజనులోని టైమింగు బెల్టును మైళ్లను బట్టియే కాక ఏండ్లను బట్టియు మార్చవలెను. అది తెగినచో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడగును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును. అట్టి ద్రవము పందెపు బాటపై వేడెక్కినప్పుడు తొందరగా మరుగును, బుడగలు పుట్టును, పెడలు మెత్తబడి లోనికి పోవును. కనుక ఆ ద్రవమును ఎప్పుడు మార్చినదియు కాగితములలో చూడవలెను. ఇంగ్లండులో మూడేండ్లు నిండిన కార్లకు ఏటేట పరీక్ష కలదు. ఆ పరీక్షల చరిత్రను, ఆ యా నాటి మైళ్ల లెక్కతో సహా, ప్రభుత్వపు వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. కారు నోరు మూసికొన్నను ఆ లెక్క మాటలాడును.

మూడు నెలల వెదకులాట పిమ్మట దొరకిన కారు బూడిదరంగుది. ముక్కుపై రాళ్లు తగిలిన మచ్చలు కలవు. కాని యజమాని లావుపాటి కాగితముల కట్టను బల్లపై పెట్టి, “దీనిని అయిదుసార్లు ట్రాకుపైకి తీసికొనిపోయినాను. ప్రతిసారి తిరిగి వచ్చి బ్రేకు ద్రవము మార్పించినాను” అని తానే చెప్పెను. ట్రాకుపై తిరుగుట తప్పు కాదు. ఆ కారు పుట్టినది అందుకే. దాచుట తప్పు. ఇంజను చల్లగా నుండెను. లిఫ్టు సిద్ధముగా నుండెను. మిత్రుడు ఆ దినమే కొనెను.

మరునాటి ఆదివారము ఉదయము మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని నలుబది మైళ్లు తిప్పి తెచ్చెను. ఎక్కుటయే ఒక విద్య. తొట్టి అంచు వెడల్పుగా నుండును. ముందు నడుము దింపి, పిమ్మట కాళ్లను ఒక్కొక్కటిగా లోనికి చేర్చవలెను. వీపునకు దగ్గరగా నున్న ఇంజను ప్రతి శ్వాసయు చెవికి సోకును. టర్బో గాలి పీల్చుట, వదలుట, చక్రములు విసరిన గులకరాళ్లు క్రింద తగులుట, అన్నియు వినబడును. రేడియో ఉన్నను ఆ మోతలో దాని మాట ఎవరికి వినబడును? వృత్తిరీత్యా మాకు కొంత చిన్నతనముగా నుండెను. కాని ఇరువది మైళ్లు గడచుసరికి మిత్రుడు చేయుచున్న పని మాకు తెలిసినది. అతడు వినుచుండెను. మైక్రోఫోను ముందు కూర్చున్నవారు ఏకాగ్రతతో వినునట్లే వినుచుండెను. చేతిలోని స్టీరింగు బాట వాలును బట్టి అటునిటు లాగుచుండగా, దానిని గట్టిగా పట్టి అణచక, వదలీ వదలక పట్టుకొనియుండెను. ఈ కార్లకు ఆ లాగుడు గుణము సహజము. చక్రముల కోణములను సరిగా అమర్పించినచో చాలవరకు తగ్గును, పూర్తిగా పోదు.

ఇక కాపురము. ఈ కారును వాడకుండుటయే దానికి పెద్ద హాని. నిలిపియుంచినచో బ్యాటరీ దిగిపోవును. కావున షెడ్డులో దానికి సన్నని చార్జరు తగిలించియుంచవలెను. ఒకేచోట నిలిచిన టైర్లు ఆ ప్రక్కనే అణగిపోవును. వీథిలోని గతుకులను, ఎత్తైన వేగనిరోధకములను దూరమునుండియే చూచి ఏటవాలుగా దాటవలెను. వెనుక దృష్టి తక్కువ. నిలుపునప్పుడు తొందర పనికిరాదు. తెల్లవారుజామున స్టార్టు చేయుటకు ముందు ఇరుగుపొరుగువారిని తలచుకొనవలెను. ఈ కారుకు ‘రేసు’ అను మీట కలదు. దానిని నొక్కినచో జారుడును అదుపుచేయు విద్యుత్ సహాయము తొలగును. వానకాలపు వీథిలో ఆ మీట జోలికి పోరాదు. సాధారణ బీమా ట్రాకుపై జరిగిన నష్టమును సామాన్యముగా భరింపదు. దానికి వేరుగా ఏర్పాటు చేసికొనవలెను.

సంవత్సరము గడచిన పిమ్మట వారింటికి ఫోను చేసితిమి. లెక్కల పుస్తకము ఆమె చేతిలోనే ఉన్నదట. టైర్లు నాలుగు, టైమింగు బెల్టు, చక్రముల అమరిక, బీమా కలిపి అనుకొన్నదానికంటె ఎక్కువే అయ్యెను. ఇంటి అప్పు సొమ్ము మాత్రము చెక్కుచెదరలేదు. అతడు ఆ యేడు సెలవు ప్రయాణమును మానుకొనెను. “రెండవ షరతు సంగతేమిటమ్మా?” అని అడిగితిమి. ఆమె నవ్వి, “దుప్పటి కప్పలేదు అన్నయ్యగారూ. ఖర్చు ఖర్చే. కాని ఆదివారం పొద్దున్న ఫోను చేత పట్టని మనిషి ఈ ఇంట్లో ఒకడున్నాడు. ఇంకో ఏడాది చూద్దాం” అనెను. వారు సెలవులకు పోలేదన్న మాటను మాత్రము ఆమె రెండుమారులు చెప్పెను.

ఇట్టి కారును కొనగోరువారు కారును పరీక్షించుటకు ముందు తమ్ము పరీక్షించుకొనవలెను. కొను సొమ్ము కాక, మొదటి సంవత్సరపు ఖర్చు విడిగా చేతనున్నదా? వారమున ఒక పూట దానికీయగలరా? ఇంటివారు మనసారా ఒప్పుకొనిరా? వీనిలో ఏ ఒక్కదానికి కాదన్నను, ఆ కారును దారిలో చూచి ఆనందించుటయే మేలు. మూడింటికిని ఔనన్నచో, చల్లని ఇంజను ప్రక్కన నిలిచి, నోరు మూసికొని, చెవి ఒగ్గవలెను. చెప్పవలసినది ఆ కారే చెప్పును.

సెలవు.