గోడమీద తాత పేరు



నా పరిశోధన గోప్యత హక్కు మీద. అయినా ఈరోజు చెప్పబోయేది లైబ్రరీలో దొరికింది కాదు. మొన్న వేసవిలో ఇంటికి వెళ్తే, ఊళ్లో రేషన్ షాపు గోడకు కరెంటు బకాయిదారుల జాబితా అతికించి ఉంది. సర్వీసు నంబరు, పేరు, సొమ్ము, ఫ్యూజు పీకే తేదీ. మూడో వరుసలో మా తాత పేరు, 1,140 రూపాయలు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మిగతావాళ్ల పేర్ల పక్కన వీధి పేరుంది. మా తాత పేరు పక్కన మాత్రం ‘ఎస్సీ కాలనీ’ అని ఉంది.

‘మీకు ఉచిత యూనిట్లు వస్తాయి కదా’ అని ఊళ్లో నవ్వుతూ అడిగారు. మీటరు తాత పేరున, కుల ధ్రువపత్రం అమ్మ పేరున ఉన్నాయి. పేరు మార్చమని అమ్మ రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఆ సంగతి ఏ జాబితాలోనూ ఉండదు. కూలికి పిలిచే మేస్త్రీ, చీటీ కట్టే ఆడవాళ్లు అంతా అది చదివాక, అమ్మ నూటికి మూడు వడ్డీకి తెచ్చి ఆ సాయంత్రమే కట్టేసింది. అధికారుల లెక్కలో అది వసూలు. మా ఇంటికి మాత్రం నోటీసు రానేలేదు.

విద్యుత్ చట్టం 2003 చదవండి. సరఫరా ఆపే ముందు ఆ వ్యక్తికి రాతపూర్వకంగా కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని సెక్షన్ 56 అంటుంది. దాన్ని ఎలా అందించాలో సెక్షన్ 171 చెబుతుంది: చేతికిచ్చి సంతకం తీసుకోవడం, రిజిస్టర్డ్ పోస్టు. ఇంట్లో ఎవరూ దొరక్కపోతే ఆ ఇంటికే అతికించే వీలుంది. నలుగురూ చదివే గోడ ఊసు అందులో లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. అందులో రాజ్యం జోక్యం చేసుకోవాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి తగిన మోతాదులో ఉండాలి. పేదవాడికి గోప్యత దేనికన్న వాదననూ ఆ తీర్పు తోసిపుచ్చింది. 2020 మార్చిలో లక్నోలో సీఏఏ వ్యతిరేక నిరసనకారుల నుంచి నష్టపరిహారం రాబట్టే పేరుతో వాళ్ల ఫొటోలు, చిరునామాలతో హోర్డింగులు పెట్టారు. అలా చేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదని, వాటిని తీసేయాలని అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది, స్టే దొరకలేదు.

ప్రజల సొమ్ము కాబట్టి పారదర్శకత కావాలంటారు. సరే. బ్యాంకుల పెద్ద ఎగవేతదారుల పేర్లు అడిగితే రిజర్వు బ్యాంకు ఏమంది? అది బ్యాంకులు నమ్మకంతో అప్పగించిన సమాచారం, చెప్పలేమంది. ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వ శాఖలే డిస్కమ్‌లకు వేల కోట్లు బాకీ అని 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం చెప్పింది. ఆ శాఖల పేర్లు ఏ రేషన్ షాపు గోడమీదా నేను చూడలేదు. గోప్యత బాకీతో పాటు పెరుగుతుంది కాబోలు!

ఇంకో సంగతి. పన్ను కట్టనివాళ్ల ఇంటిముందు వాద్యాలు మోగించి పరువు తీయడం మహారాష్ట్ర నగరాల్లో చూశాం. మన దగ్గర ఆ పనికి డప్పు పిలిపిస్తే, కొట్టేదెవరో మీకు తెలుసు. చావుకీ జాతరకీ చాకిరీగా కొట్టించిన డప్పును దండోరా ఉద్యమం ఆత్మగౌరవ గొంతుగా మార్చింది. దాన్ని మళ్లీ ఎవరి పరువో తీయడానికి కూలికి తెచ్చుకోవడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

వైస్రాయ్ కౌన్సిల్‌లో బాబాసాహెబ్ కార్మిక శాఖతో పాటు విద్యుత్తు కూడా చూశారు. 1943లో విద్యుత్ విధాన కమిటీకి అధ్యక్షత వహిస్తూ, చౌకగా సమృద్ధిగా కరెంటు ఎందుకు కావాలో పేదరికంతో ముడిపెట్టి వివరించారు. అదే కరెంటు మా ఇంటికి వైరుతో పాటు కులం చీటీ కూడా వెంటేసుకుని వచ్చింది.

ఏ నిబంధన కింద జాబితా అతికించారు, ‘ఎస్సీ కాలనీ’ అని ఎవరు రాయమన్నారు, ఈ రెండూ అడుగుతూ ఆర్టీఐ దరఖాస్తు రాశాను. అమ్మకు ఇష్టం లేదు. ‘మళ్లీ మన పేరు నలుగురి నోళ్లలో ఎందుకే’ అంది. అందుకని తాత పేరు, సర్వీసు నంబరు ఎక్కడా రాయకుండా, నా పేరుతో, హాస్టల్ చిరునామాతో పంపాను.