మా తరువాత ఎవరు?

(డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతీయువకుల తల్లిదండ్రుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులను మేము ఒక్క ప్రశ్న అడిగాము: "మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఏది?" ఎవరూ జబ్బుల గురించి చెప్పలేదు, ఖర్చుల గురించి చెప్పలేదు. దాదాపు అందరి నోటా వచ్చిన మాట ఒక్కటే: "మేము కన్నుమూశాక మా బిడ్డను ఎవరు చూస్తారు?" మా ఇళ్లలోనూ రాత్రిళ్లు నిద్ర పట్టనీయని ప్రశ్న ఇదే. దానికి జవాబు వెతకడానికే మనం నేడు సమావేశమయ్యాము.

ముందుగా నిందను తొలగించుకుందాం. బిడ్డ పుట్టిన నాటినుండి తల్లి వినే మాటలు మనకు తెలుసు. నజర్ తగిలిందని, గ్రహణం పట్టిందని, కోడలి దోషమని, దగ్గరి సంబంధం చేసుకున్నందువల్లనే ఇలా అయిందని అంటారు. ఇవేవీ నిజం కావు. మనిషి శరీరంలోని ప్రతి కణంలో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. ఈ పిల్లలలో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ స్థితిని వర్ణించగా, దాని మూలకారణం 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల పరిశోధనతో వెలుగులోకి వచ్చింది. అత్యధిక సందర్భాలలో ఇది కణ విభజనలో యాదృచ్ఛికంగా జరిగే మార్పు. తల్లి వయస్సు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది గాని, చిన్న వయస్సు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. వంశపారంపర్యంగా వచ్చేవి బహు కొద్ది. అది తెలుసుకోవడానికి క్రోమోజోము పరీక్ష ఉంది. కనుక ఏ తల్లీ తల దించుకోవలసిన అవసరం లేదు.

ఇక రెండవ విషయం కొంచెం కటువైనది. మన పిల్లలకు లోకం చేసే అన్యాయం ఒకటైతే, మన ప్రేమ చేసే అన్యాయం మరొకటి. మా బృందంలోని ఒక అమ్మీ తన కొడుకుకు పంతొమ్మిదేళ్లు వచ్చేవరకు చొక్కా గుండీలు తానే పెట్టేది. "పాపం, మాసూమ్, వాడికేం తెలుసు" అనేది. ఆమె ఒకసారి కాలు విరిగి నెలన్నర మంచాన పడింది. ఆ నెలన్నరలో ఆ అబ్బాయి గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు, తల్లికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "నేను వాడికి చేతకాదనుకున్నాను. నిజానికి వాడికి అవకాశమే ఇవ్వలేదు" అని ఆమె మా ముందు కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లలో మా అందరి తప్పూ మాకు కనిపించింది.

నేర్పే విధానం తెలిస్తే పని సులువవుతుంది. ఈ పిల్లలలో చాలామందికి విన్నదానికంటె చూసినది బాగా గుర్తుంటుంది. అందుచేత మాటలు తగ్గించి, చేసి చూపించాలి, బొమ్మలు పెట్టి చూపించాలి. చాయ్ కాచడాన్ని ఒకే పనిగా చెప్పవద్దు. గిన్నె తీయడం, నీళ్లు కొలవడం, పత్తి వేయడం, స్టవ్ ఆర్పడం అంటూ చిన్న చిన్న మెట్లుగా విడదీయాలి. ఒక మెట్టు వచ్చాకనే తరువాతి మెట్టుకు వెళ్లాలి. చేయగానే మెచ్చుకోవాలి. డబ్బు లెక్క, బస్సు ఎక్కడం, ఇంటి చిరునామా చెప్పడం కూడా ఇదే పద్ధతిలో నేర్పవచ్చు. ఆడపిల్లలకు నెలసరి శుభ్రతను, ఆడ, మగ పిల్లలిద్దరికీ తమ శరీరాన్ని ఎవరు తాకకూడదో, ఎవరికి చెప్పాలో తప్పనిసరిగా నేర్పాలి. సిగ్గుతో మనం మౌనం వహిస్తే దుర్మార్గుడికి అది అవకాశమవుతుంది.

ఆరోగ్యాన్నీ మరువరాదు. వీరిలో సుమారు సగం మంది గుండె లోపంతో పుడతారు. థైరాయిడ్, వినికిడి, చూపు సమస్యలు ఎక్కువ. చురుకైన యువకుడు ఉన్నట్టుండి మందకొడిగా మారితే "వీళ్లు ఇంతే" అని వదిలేయక థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

మూడవది హక్కుల సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మేధోవైకల్యం వాటిలో ఒకటి. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగాలలోని 4 శాతం రిజర్వేషన్‌లో మేధోవైకల్యం తదితర వర్గాలకు కలిపి 1 శాతం ఉంది. వీటన్నిటికీ వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తాళంచెవి వంటివి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కారు. అవసరమైనవారు జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి సంరక్షకత్వం కోసం దరఖాస్తు చేసుకోవాలి. "మా తరువాత ఎవరు" అన్న ప్రశ్నకు కాగితంపై జవాబు అక్కడ దొరుకుతుంది. శిక్షణ కొరకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ మనకు అందుబాటులోనే ఉంది.

చివరగా మొహల్లా పెద్దలకు మా విన్నపం. మీ వీధిలోని ఈ యువకుణ్ణి "పాగల్" అని పిలిచే పిల్లలను అక్కడికక్కడే ఆపండి. వలీమాకు పిలిచేటప్పుడు ఆ కుటుంబాన్ని "బిడ్డతో సహా రండి" అని పిలవండి. దుకాణం ఉన్నవారు రోజుకు రెండు గంటల పని అప్పగించి చూడండి. సరుకు అమర్చడం, పొట్లాలు కట్టడం వంటివి వారు శ్రద్ధగా చేస్తారు. చేసిన పనికి కూలీ ఇవ్వండి, దానం కాదు.

తల్లిదండ్రులారా! ఇంటికి వెళ్లాక మీరు బిడ్డకు చేసిపెడుతున్న పనులలో ఒక్కదానిని ఎంచుకోండి. రేపటినుండి దానిని వారి చేతికి అప్పగించండి. ఆలస్యమవుతుంది, ఒలికిపోతుంది, మీకు చేతులు ఊరుకోవు. అయినా ఓర్చుకోండి. మనం లేని రోజున వారిని నిలబెట్టేది మనం ఉన్న రోజుల్లో వారు నేర్చుకున్నదే.