కళాశాలలో ఓటును చీటియు



నేటి ప్రసంగవిషయము పట్టణవాసులకు మాత్రమే సంబంధించినదిగా మీకు తోపవచ్చును. విద్యార్థిసంఘముల ఎన్నికలు, వసతిగృహములలో గదుల పంపకము మనకేల యని యడుగవచ్చును. అచ్చట చదువువారు మన బిడ్డలే. ధాన్యమమ్మి వారికి సొమ్ము పంపువారము మనమే. పైగా, పంపకము మాట వచ్చినప్పుడు పల్లెపెద్దలకు గల యనుభవము కళాశాలాధికారులకు గలదని నేను నమ్మను.

ముందుగా గది మాట. వసతిగృహమున గదులన్నియు నొక్క తీరున నుండవు. ఒకదానికి తూర్పుగాలి వచ్చును. ఒకటి వంటయింటి పొగ కెదురుగా నుండును. ఒకదానిలో నిద్దఱు, వేఱొకదానిలో నలుగురు. చెల్లించు రుసుము మాత్రము పలుచోట్ల నందఱికి నొక్కటే. ఇట్టిచో మంచి గది యెవనిది? ముందు వచ్చినవానిది యందురా, ఆ పట్టణమందే కాపురమున్నవాని కొడుకు తెల్లవాఱకమునుపే కారులో వచ్చి కూర్చుండును. రెండు బస్సులు మాఱి మీ మనుమరాలు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. మార్కులనుబట్టి యందురా, చదువున వెనుకబడినవానిని పొగలో కూర్చుండబెట్టిన వాడు మఱింత వెనుకబడును. వార్డెను చిత్తమునకు వదలుదురా, సిఫారసు ఉత్తరములు బయలుదేఱును. అందఱి హక్కును సమానమైనచోట చీటి వేయుటకంటె మేలైన యుపాయము నాకు కానరాదు.

ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములకు చెందిన పలు కళాశాలలలో విద్యార్థులు గదులు కోరుకొను వరుస నేటికిని చీటీలవలననే తేలుచున్నది. కొన్నింటిలో ఒకయేట కడపటి చీటి వచ్చినవానికి మరుసటియేట వరుస తలక్రిందులై ముందు వచ్చును. అన్న భాగములు వేయగా తమ్ముడు ముందు కోరుకొను మన కట్టుబాటునకు ఇది దూరపు చుట్టమే.

అయినను చీటి సమానుల నడుమనే న్యాయము. కాలు స్వాధీనములేని పిల్లవానికి మూడవ యంతస్తు పడినప్పుడు, చీటి యట్లు వచ్చెనని చేతులు దులుపుకొనుట న్యాయము కాదు, సోమరితనము. అట్టివారికి క్రిందిగదులు ముందే తీసియుంచి, తక్కినవానికే చీటీలు వ్రాసి కుండలో వేయవలయును.

కుండయనగా మన దేశపు పాతముచ్చట యొకటి చెప్పవలసియున్నది. కాంచీపురమునకు సమీపమున ఉత్తరమేరూరను గ్రామము కలదు. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో, ఆ గ్రామసభ తన యెన్నికల నిబంధనలను దేవాలయపు గోడపై చెక్కించెను. గ్రామము 30 వాడలు. వాడవాడకును అర్హుల పేర్లు తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి, మంచిచెడ్డ లెఱుగని బాలునిచేత తీయింతురు. వయస్సు 35 మొదలు 70 వఱకు నుండవలయును. గడచిన మూడేండ్లలో పదవి చేసినవాడు పనికిరాడు. పదవి చేసి లెక్క చెప్పనివాడును, వాని దగ్గరి చుట్టములును పనికిరారు. ఈ కడపటి నిబంధన చదివినప్పుడెల్ల నాకు నవ్వును గౌరవమును నొక్కసారి కలుగును. అయితే అది బ్రాహ్మణుల సభ. స్త్రీలకు, తక్కిన కులములవారికి నందు చోటు లేదు. గర్వించుటకు ముందు ఆ మాటయు చెప్పుకొనవలయును.

నేటి విద్యార్థిసంఘములకు చీటి చాలదు. నాయకుడు గది వంటివాడు కాడు. వానిని నమ్మి యెన్నుకొనవలయును. సుప్రీముకోర్టు ఆజ్ఞననుసరించి కేంద్రప్రభుత్వము మాజీ ప్రధాన ఎన్నికల కమీషనరు లింగ్డో గారి యధ్యక్షతను నొక సంఘమును నియమింపగా, వారి సిఫారసులను 2006లో కోర్టు అమలు పఱుపుమనెను. ఒక్కొక్క యభ్యర్థి 5,000 రూపాయలకు మించి వ్యయపఱుపరాదు; అచ్చువేసిన ప్రకటనలు కూడవు, చేతివ్రాతవే యుండవలయును; హాజరు నూటికి 75 ఉండవలయును; ఫలితములు వెలువడిన రెండు వారములలో లెక్కలు చూపవలయును. ఉత్తరమేరూరు గోడ వేయేండ్లకు మరల మాటాడినట్లున్నది! సంఘపు ముఖ్యపదవులకు విద్యార్థి జీవితమున నొక్కసారియే పోటీచేయవలెనను నిబంధన మాత్రము నాకు నచ్చదు. బాగుగా పనిచేసినవానిని మెచ్చుకొనుటకును, చేయనివానిని తిరస్కరించుటకును ఓటరునకు మఱియొక యవకాశము ఉండవలదా? ఇంగ్లండునందు 1994 నాటి విద్యాచట్టము విద్యార్థిసంఘముల జీతపు పదవులకు మొత్తము రెండేండ్ల హద్దు పెట్టినది. అది కొంత మెత్తనిది.

ఆ దేశపు విద్యార్థిసంఘములలో మఱియొక మంచి యాచారము కలదు. ఓటుకాగితముపై అభ్యర్థుల పేర్లతోపాటు “నామినేషనులు మరల పిలువుడు” అను పంక్తియు నుండును. ఒక్కడే నిలిచినను ఓటు జరుగును. ఆ పంక్తి గెలిచినచో ఎన్నిక మరల మొదలు. మనకు 2013 నుండి ఓటుయంత్రమున “పైవారెవరును కారు” అను మీట కలదు గాని, లోకసభ, శాసనసభ ఎన్నికలలో దాని కెన్ని యోట్లు పడినను అభ్యర్థులలో మొదటివాడే గెలుచును. ఒక్కడే నిలిచిన పంచాయతీలో మనము ఏకగ్రీవమని మేళము పెట్టుదుము. అది యొక యూర పొందికవలన వచ్చును, వేఱొక యూర భయమువలన వచ్చును; బయటినుండి చూచువానికి రెండును నొక్కటే. రహస్యముగా ఓటు వేయించిననే తేడా తెలియును.

ఇక ఓటును గదియు కలియుచోటనే చెఱుపు పుట్టుచున్నది. గదుల జాబితా సంఘనాయకుని చేతిలో నుండెనా, గాలివచ్చు గదులు వాని పక్షమువారికి, పొగగదులు ఎదిరిపక్షమువారికి పోవును. మరుసటి యెన్నికలో పిల్లలు తమ మనస్సునకు గాక తమ కిటికీకి ఓటు వేయుదురు. కావున గదులు పంచు చేయి వేఱుగాను, ఓట్లు కోరు చేయి వేఱుగాను నుండవలయును. నిబంధనలు ఎవరి పేరును కుండలో పడకమునుపే వ్రాయబడవలయును. నడుమ మార్చినచో ఆ మార్పు వచ్చే యేటనుండియే సాగవలయును.

రాబోవు విద్యాసంవత్సరమున బిడ్డను వసతిగృహమున దింపుటకు మీరు వెళ్లినప్పుడు, పెట్టె మోసి వెంటనే తిరిగిరాక, గదుల నిబంధన వ్రాసిన కాగితమేదియని వార్డెను గారిని మర్యాదగా అడుగుడు. చీటి యెవరు తీయుదురు, ఎవరియెదుట తీయుదురు, పడిన వరుస ఏ గోడపై నంటింతురు అనియు అడిగి రండు.