చిన్న పనికీ లెక్క ఉండాలి

వీధి చివర కల్వర్టు, బడి ప్రహరీ, మురుగు కాలువ. ఇవన్నీ చిన్న పనులే. వీటి ఖర్చుపై చర్చ అవసరమా? ప్రతి సిమెంటు బస్తాకూ పంచాయితీ పెడితే పని సాగదని కొందరంటారు. అందులో కొంత నిజముంది.

కానీ పెద్ద ఆనకట్ట లెక్క మనకు అందదు. ఊళ్లో కాలువ పొడవు మాత్రం ఎవరైనా కొలవగలరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీలు గుర్తున్నాయా? మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఉన్న పేర్లను ఇంటింటికీ వెళ్లి సరిచూశారు. దొంగ మస్టర్లు బయటపడ్డాయి. ఆ లెక్కలను అందరి ముందూ చదివారు. స్వాహా అయిన సొమ్ములో కొంత వెనక్కి వచ్చింది.

ఒక్కో పని చిన్నదే. ఊరూరా కలిపితే ఖర్చు పెద్దదే.

2005 నాటి సమాచార హక్కు చట్టం కింద బిల్లుల నకళ్లు అడగవచ్చు. పనిని స్వయంగా చూడవచ్చు. వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు.

అందుకే, పని చిన్నదైనా లెక్క అడగండి. ఈసారి గ్రామసభకు వెళ్లండి. ఒక్క పని ఎంచుకోండి. ఎంత మంజూరైంది? ఎంత ఖర్చయింది? పని ఎంతవరకు వచ్చింది? ఈ మూడు ప్రశ్నలు చాలు.