ఊరును పేరును గల రాళ్లు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈ సంవత్సరము మన విద్యార్థులలో కొందరికి శిలాజములను సేకరింపవలెనను ఉత్సాహము కలిగినది. పూర్వము పిల్లలు తపాలా బిళ్లలను, నాణెములను, గవ్వలను కూర్చుకొనెడివారు. నేటి పిల్లలు తండ్రి ఫోనులో ఆన్‌లైన్ అంగళ్లను తెరచి, మొరాకో దేశపు ట్రైలోబైటును, మడగాస్కరు ద్వీపపు అమ్మోనైటును చూపి, కొని పెట్టుమని కోరుచున్నారు. "కొనవచ్చునా? కొన్నచో మోసపోవుదుమా?" అని పలువురు తల్లిదండ్రులు నన్ను అడిగిరి. అందరికిని ఒక్కమారే చెప్పుట మేలని తలచి నేటి ప్రసంగమునకు ఈ విషయమును ఎన్నుకొంటిని.

శిలాజమనగా పూర్వకాలపు ప్రాణి గాని, వృక్షము గాని, దాని అడుగుజాడ గాని రాతిలో నిలిచియుండుట. చచ్చిన ప్రాణి బురదలోను ఇసుకలోను పూడుకొనిపోయిన పిమ్మట నీటితో వచ్చిన ఖనిజములు దాని గుల్లలోనికి, ఎముకలలోనికి ఇంకి, లక్షల, కోట్ల సంవత్సరములలో అది రాయి యగును. ఇది మన కెంత మాత్రమును క్రొత్త వస్తువు కాదు. మన ఇండ్లలో పూజకు పెట్టుకొను సాలగ్రామము నేపాళదేశమున గండకీనదిలో దొరకును. అందలి చక్రము అమ్మోనైటు అను సముద్రప్రాణి యొక్క గుల్ల. హిమాలయము పైకి లేవక పూర్వము అచ్చట సముద్రముండెననుటకు ఆ చక్రమే సాక్షి. మనము నివసించుచున్న ఈ తమిళదేశమున అరియలూరు ప్రాంతము కూడ ఒకప్పుడు సముద్రగర్భమే. అచ్చటి శిలాజములను ఫెర్డినాండ్ స్టోలిచ్కా అను శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దిలోనే వివరించి గ్రంథస్థము చేసెను. సాత్తనూరులో సుమారు 18 మీటర్ల పొడవుగల చెట్టు మ్రాను రాయియై పడియున్నది. తిరువక్కరైలో రాతిగా మారిన మ్రానులతో ఒక వనమే కలదు.

కనుక పిల్లలకు కలిగిన కోరిక మంచిది. దానిని చంపకుడు. అయితే వారు కొనబోవు వస్తువు రాయి మాత్రమే కాదు. ఆ రాతితో వచ్చు సమాచారము కూడ. ఈ ఒక్క మాట మనసున నిలుపుకొన్నచో తక్కిన జాగ్రత్తలన్నియు దానినుండియే పుట్టును.

మన పూర్వులు తెలుగునేల విడిచి వచ్చి ఎన్నో తరములు గడచినవి. ఐనను మనలో అనేకుల ఇంటిపేరులో ఏదో యొక ఊరు నేటికిని నిలిచియున్నది. ఆ ఊరిని మనము కన్నులార చూచి యుండకపోవచ్చును. కాని మనము ఎక్కడివారమో ఆ పేరు చెప్పుచున్నది. శిలాజమునకు దాని వెంట నుండు చీటి అట్టిది. ఏ ప్రాణి, ఏ దేశమున ఏ ఊరి చెంత, ఏ శిలాస్తరమున దొరకినది, ఏ కాలమునాటిది అను నాలుగు సంగతులు ఆ చీటిపై నుండవలెను. అవి లేనిచో అది ఊరు పేరు లేని రాయి. బల్లమీద అందముగా నుండునే గాని శాస్త్రమునకు పనికిరాదు.

ఊరు తప్పైనచో ఎంత అనర్థము కలుగునో చూడుడు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ ఒక సంగతిని లోకమునకు వెల్లడించెను. హిమాలయములలో దొరకినవని మన దేశమున ఒక ఆచార్యుడు అనేక సంవత్సరములు ప్రకటించిన శిలాజములలో కొన్ని నిజముగా హిమాలయములవి కావనియు, వానిలోని అమ్మోనాయిడ్ శిలాజములు మొరాకోలో దొరకి అంగళ్లలో అమ్ముడుపోవువానిని పోలియున్నవనియు ఆయన చూపెను. ఆ రాళ్లు నకిలీవి కావు. అబద్ధమైనది వాని ఊరు మాత్రమే. ఆ ఒక్క అబద్ధముచేత హిమాలయ భూచరిత్రను గూర్చిన ఎన్నో వ్యాసములు సందేహాస్పదము లయ్యెను.

రాయియే అబద్ధమైన సందర్భములును కలవు. 1999లో అమెరికాలోని టూసాన్ నగరపు ప్రదర్శనమున చైనానుండి వచ్చిన ఒక శిలాజము 80,000 డాలర్లకు అమ్ముడుపోయినది. సగము పక్షి, సగము డైనోసారు వలెనున్న ఆ ప్రాణికి ఆర్కియోరాప్టర్ అని పేరిడి, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఘనముగా ప్రకటించెను. పిదప పరిశోధింపగా ఒక పక్షి శరీరమునకు వేరొక చిన్న డైనోసారు తోకను అతికించిరని తేలినది. అనుభవజ్ఞులే అట్లు మోసపోయినప్పుడు, ఫోనులోని బొమ్మను చూచి కొను పదమూడేండ్ల బాలుని సంగతి చెప్పవలెనా?

మన పాఠశాలలో జరిగిన దొకటి చెప్పెదను. తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె విజ్ఞాన ప్రదర్శనమునకై 1,800 రూపాయలకు ఒక ముళ్ల ట్రైలోబైటును ఆన్‌లైనులో తెప్పించుకొన్నది. మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయురాలు భూతద్దముతో చూడగా దాని వీపుపై సూదిమొనంత గుండ్రని గుంటలు కనిపించినవి. అవి రెసిన్ అను కరగిన పదార్థమును అచ్చులో పోసినప్పుడు చిక్కుకొన్న గాలి బుడగల గుర్తులు. అమ్మువాని పుటలోనే మరి మూడు ట్రైలోబైటులు అదేచోట అదే పగులుతో నుండుటయు తెలియవచ్చినది. డబ్బు తిరిగి రాలేదు. ఆమె తండ్రి మిక్కిలి నొచ్చుకొని, దానిని ప్రదర్శనమున పెట్టవలదనెను. ఆ బాలిక మాత్రము పాత చీటిని తీసివైచి, "ఇది నకలు, నకలని ఎట్లు కనుగొంటిమి" అను క్రొత్త చీటిని వ్రాసి, ప్రక్కన భూతద్దమును ఉంచినది. ఆనాడు జనులు ఎక్కువసేపు నిలిచినది ఆ బల్లయొద్దనే. నకలును నకలని చెప్పి అమ్ముట తప్పు కాదు. నకలును నకలని చెప్పి చూపుట గొప్ప విద్య.

ఇక కొనదలచినవారు పాటింపవలసిన పద్ధతులు చెప్పెదను.

మొదటిది: విరివిగా దొరకు వానితో ప్రారంభింపుడు. విరివిగా దొరకు చౌక వస్తువును నకలు చేయుటలో లాభము తక్కువ. అమెరికాలోని యూటా రాష్ట్రమున దొరకు ఎల్రేథియా అను చిన్న ట్రైలోబైటు సుమారు 50 కోట్ల సంవత్సరముల నాటిది, వేలకొలదిగా త్రవ్వబడుచున్నది. వయోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ శిలలలోని నైటియా అను చిన్న చేప సుమారు 5 కోట్ల సంవత్సరముల నాటిది. రెండుగా కోసి మెరుగుపెట్టిన మడగాస్కరు అమ్మోనైటు, మొరాకో గనులలోని సొరచేప పన్ను కూడ ప్రారంభమునకు తగినవే. పెద్ద పుర్రెలు, పొడవైన ముళ్లుగల ట్రైలోబైటులు, డైనోసారు గుడ్లు, బల్లి చిక్కుకొన్న ఆంబరు, ఈ నాలుగింటి జోలికి క్రొత్తవారు పోరాదు. గుండ్రని రాతికి పెంకు ముక్కలు అంటించి గుడ్డని అమ్మువారు కలరు.

రెండవది: బొమ్మను చూచి తొందరపడక ప్రశ్నింపుడు. నే చెప్పిన నాలుగు సంగతులను అడుగుడు. ముందు, వెనుక, ప్రక్కలనుండి పగటి వెలుతురులో తీసిన ఛాయాచిత్రములను, ప్రక్కన కొలబద్ద నుంచి పంపుమని కోరుడు. "ఎచ్చటనైన అతికినదా? రంగు వేసినదా? లేని భాగమును నింపినదా?" అని అడుగుడు. విరిగిన దానిని అతికించుట మోసము కాదు, దాచుట మోసము. నిజాయితీపరుడు ఈ ప్రశ్నలకు సంతోషముగా సమాధానము చెప్పును. "అరుదైనది, ఒక్కటే మిగిలినది, ఈ రాత్రితో సరి" అని తొందరపెట్టువానిని విడిచిపెట్టుడు.

మూడవది: శిలాజమువలె కనిపించునదంతయు శిలాజము కాదు. సున్నపురాతి పగుళ్లలో మాంగనీసు ఖనిజము చెట్టుకొమ్మలవలె ప్రాకును. దానిని డెండ్రైట్ అందురు. అది ఆకు ముద్ర కాదు. ఐనను ఆ పేరుతో అమ్ముదురు. ఆంబరు విషయమున ఇంటిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. నీటిలో ఇక కరగనంత ఉప్పు కలిపినచో ఆంబరు తేలును, గాజు మునుగును. అయితే కోపాల్ అను లేత జిగురు కూడ తేలును గనుక, తేలినంత మాత్రమున నమ్మరాదు. ఒక మూల అసిటోను చుక్క వేసి చూచినచో కోపాల్ జిగటయగును. పిల్లలు ఈ పరీక్షను పెద్దల యెదుటనే చేయవలెను.

నాలుగవది: చట్టమును గమనింపుడు. ఇతర దేశముల సొత్తును తెలియక కొన్నను అది మనది కాదు. 2012లో న్యూయార్కు వేలములో పది లక్షల డాలర్లకు పైగా పలికిన ఒక టార్బోసారస్ అస్థిపంజరము మంగోలియా దేశమునుండి అక్రమముగా తరలింపబడినదని తేలి, 2013లో ఆ దేశమునకు తిరిగి చేరినది. బ్రెజిల్ దేశమున శిలాజములు ప్రభుత్వపు సొత్తని 1942లోనే చట్టము చేసిరి. జర్మనీకి చేరిన ఉబిరజారా అను డైనోసారు శిలాజము 2023లో బ్రెజిలుకు తిరిగి వచ్చినది. చైనాదియు, మంగోలియాదియు, బ్రెజిలుదియు అని చెప్పబడు శిలాజములను కొనకుండుటయే క్షేమము. అట్లే మన తిరువక్కరైకి, సాత్తనూరుకు పోయినప్పుడు ఒక్క ముక్కనైనను సంచిలో వేసికొని రాకుడు. మన సాలగ్రామమును క్రయవిక్రయములు చేయరాదని పెద్దలు చెప్పిన నియమములో, అన్నిటికిని వెల కట్టరాదను వివేకము కలదు.

ఐదవది: డబ్బు జాగ్రత్త. ఇంటి ఖర్చునకు లోటురాని మొత్తమును ముందే నిర్ణయింపుడు. విదేశమునుండి తెప్పించునప్పుడు వస్తువు వెలతోపాటు రవాణా ఖర్చును, సుంకమును లెక్కింపుడు. తిరిగి పంపు అవకాశము లేనిచోట కొనకుడు. అంగడి పద్ధతిని తప్పించి నేరుగా తన ఖాతాకు డబ్బు పంపుమనువానికి ఒక్క రూపాయియు పంపకుడు. ఫోనుకు వచ్చు ఓటీపీని ఎవ్వరికిని చెప్పకుడు. పార్సెలు విప్పునప్పుడు వీడియో తీసి ఉంచుడు. చెల్లింపు పెద్దల చేతిలోనే యుండవలెను. ప్రశ్నలు అడుగు పని మాత్రము పిల్లలకు విడువుడు. అందులోనే వారికి చదువు కలదు.

ఆరవది: వచ్చిన దానికి ఒక సంఖ్య ఇచ్చి, రాతి అడుగున చిన్నదిగా ఆ సంఖ్య వ్రాసి, నోటు పుస్తకమున దాని ఊరును, పేరును, కాలమును, కొన్న తేదీని, వెలను వ్రాయింపుడు. అమ్మినవాని చీటిని పారవేయకుడు. తెలుగులో వ్రాయుటకు బిడ్డలను ప్రోత్సహింపుడు. మన పిల్లలు విజ్ఞానమును మాతృభాషలో వ్రాయుటకు ఇంతకంటె మంచి అభ్యాసము నాకు తోచలేదు.

కొనుటకు శక్తి లేనివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. 1851లో స్థాపింపబడిన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియమున భూవిజ్ఞాన విభాగము కలదు; పిల్లలను తీసికొనిపోయి, కాగితము పెన్సిలు ఇచ్చి బొమ్మలు గీయింపుడు. సెలవులలో బంధువులను చూడ హైదరాబాదు పోవువారు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిచియున్న డైనోసారును తప్పక చూపింపుడు. ప్రాణహిత-గోదావరి లోయలో దొరకిన ఆ జంతువునకు 1988లో యాదగిరి అను శాస్త్రజ్ఞుడు కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. కోట అనునది అది దొరకిన శిలాస్తరమునకు పేరు. యామనపల్లి తెలంగాణములోని ఊరు. కోట్ల సంవత్సరముల క్రిందటి జంతువు నేడు లోకమంతట ఒక తెలుగు ఊరి పేరుతో పిలువబడుచున్నది. ఆ ఎముకలను త్రవ్వినవారు అవి దొరకిన చోటును వ్రాసి యుంచకున్నచో ఈ గౌరవము మన పల్లెకు దక్కెడిది కాదు.

మనము పరాయిచోట తెలుగు మాట వినబడగానే, "మీదే ఊరండి?" అని అడుగుదుము. ఆ ప్రశ్ననే మన బిడ్డలు చేతికి వచ్చిన ప్రతి రాతిని అడుగవలెను. సమాధానము దొరకినచో కొననిండు. దొరకనిచో డబ్బును జేబులోనే ఉంచుకొని, మరియొక దానిని వెదకనిండు. నచ్చిన వస్తువు కంటి యెదుట నుండగా, రుజువు లేనందున వలదని విడువగల బిడ్డ రేపు ఏ విద్యలోనైనను రాణించును. అట్టి బిడ్డలను తీర్చిదిద్దుటలో మీరు ఇంటియొద్దను, మేము బడియొద్దను పాలుపంచుకొందము.