ఆలస్యం ఎవరిది?
యుద్ధకాలపు ఊచకోతలు, బాధిత కుటుంబాల న్యాయపోరాటం

పోయినవారి పేరు మీద ఏర్పాటైన ఈ వేదిక మీద, పోయినవారి కోసం దశాబ్దాల తరబడి న్యాయస్థానాల గడప తొక్కిన కుటుంబాల గురించి మాట్లాడటం సముచితమని భావించాను. యుద్ధాల్లోనూ, తిరుగుబాట్లను అణచే పేరుతోనూ సైన్యాలు నిరాయుధులను ఊళ్ళకు ఊళ్ళుగా చంపిన సంఘటనలు ఇరవయ్యో శతాబ్దంలో ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాలు ఏళ్ళ తర్వాత కోర్టుకు వెళితే ప్రభుత్వాలు చాలాసార్లు హత్యలు జరగలేదని వాదించవు. మీరు ఆలస్యంగా వచ్చారు, గడువు దాటిపోయింది అంటాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఆలస్యంలో సింహభాగం నిజాన్ని తొక్కిపెట్టిన రాజ్యానిదే. తొక్కిపెట్టినవారే కాలదోషం పట్టిందని చెప్పి తప్పించుకుంటామంటే చట్టం ఒప్పుకోకూడదు. ఒక్క ఏడాది తేడాతో రెండు చోట్ల జరిగిన రెండు ఊచకోతలను పక్కపక్కన పెట్టి ఈ మాటను నిరూపించే ప్రయత్నం చేస్తాను.

మొదటిది పశ్చిమ జావాలో, కరవాంగ్ దగ్గరి రావగెదె గ్రామం. 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండొనేసియాను మళ్ళీ లొంగదీసుకోవడానికి డచ్చి ప్రభుత్వం సైన్యాన్ని దించింది. లుకాస్ కుస్తార్యో అనే గెరిల్లా నాయకుణ్ణి వెతుక్కుంటూ ఆ సైన్యం 1947 డిసెంబర్ 9న రావగెదె మీద పడింది. అతడు దొరకలేదు. దొరికిన మగవాళ్ళను వరసల్లో నిలబెట్టి కాల్చారు. ఊరివాళ్ళ లెక్క ప్రకారం చనిపోయినవారు 431 మంది. 1969లో డచ్చి ప్రభుత్వం తయారుచేసిన నివేదిక 150 అంది. మోయడానికి మగదిక్కు లేక ఆడవాళ్ళే గోతులు తవ్వి తమవాళ్ళను పూడ్చుకున్నారు. 1948 జనవరిలోనే ఐక్యరాజ్యసమితి పరిశీలకులు దీన్ని తెలిసి, కనికరం లేకుండా చేసిన పనిగా నివేదించారు. అదే ఏడాది డచ్చి సైన్యాధిపతి జనరల్ స్పోర్, ఆ దళాన్ని నడిపిన మేజర్ మీద విచారణ జరపాలా అని అటార్నీ జనరల్‌ను అడిగాడు. బయటి దేశాల ఆసక్తి చల్లారింది కాబట్టి వదిలేయవచ్చన్నది అటార్నీ జనరల్ అభిప్రాయం. ఆ మేజర్ మీద విచారణ జరగలేదు. అంటే నేరం జరిగిన సంగతి రాజ్యానికి మొదటి ఏడాదిలోనే తెలుసు. దాన్ని వదిలేయాలన్న నిర్ణయం కూడా ఆ ఏడాదే కాగితం మీదికి ఎక్కింది.

రావగెదె వితంతువుల తరఫున 2009లో హేగ్‌లో దావా పడింది. ప్రభుత్వం హత్యలను కాదనలేదు, గడువు తీరిందని మాత్రం వాదించింది. 2011 సెప్టెంబర్ 14న హేగ్ జిల్లా కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. నేరం ఇంత ఘోరమైనది, జరిగిందని రాజ్యానికి మొదటి నుంచీ తెలుసు, దాని దెబ్బ నేరుగా తగిలినవారు ఇంకా బతికి ఉన్నారు. ఇలాంటి పరిస్థితిలో గడువును అడ్డం పెట్టుకోవడం న్యాయసమ్మతం కాదని తీర్పు చెప్పింది. వాదుల్లో ఒకరు, ఆనాటి కాల్పుల్లో బతికి బయటపడిన వృద్ధుడు, తీర్పుకు నాలుగు నెలల ముందే కన్నుమూశారు. ఆ డిసెంబర్ 9న డచ్చి రాయబారి రావగెదెకు వెళ్ళి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఒక్కొక్కరికి 20,000 యూరోల పరిహారం ముట్టింది. భర్తలను పోగొట్టుకున్న 64 ఏళ్ళకు దక్కిన న్యాయం అది.

రెండోది మలయాలోని సెలంగోర్‌లో, బతాంగ్ కాలి దగ్గరి రబ్బరు తోట. మన తెలుగు కూలీలు కూడా చెమటోడ్చిన మలయా తోటల సీమ అది. ఇక్కడ బలైనవారు మాత్రం చైనా సంతతి పనివాళ్ళు. 1948 డిసెంబర్ 11 సాయంత్రం బ్రిటిష్ స్కాట్స్ గార్డ్స్ దళం తోటలోకి వచ్చి మగవాళ్ళను ఒకవైపు, ఆడవాళ్ళను పిల్లలను ఒకవైపు ఉంచింది. ఒకరిని ఆ సాయంత్రమే కాల్చింది. మర్నాడు ఆడవాళ్ళను, పిల్లలను లారీ ఎక్కించి, మిగిలిన మగవాళ్ళను కాల్చి, ఇళ్ళకు నిప్పు పెట్టింది. మొత్తం 24 మంది చనిపోయారు. పారిపోతుంటే కాల్చామన్నది సర్కారు మాట. ఇరవై ఏళ్ళు దాటాక ఆ దళంలో పనిచేసిన సైనికులు కొందరు, పారిపోయే ప్రయత్నమేదీ జరగలేదని ఒక పత్రిక ఎదుట ప్రమాణం చేసి చెప్పారు. రక్షణమంత్రి డెనిస్ హీలీ ఆ సంగతిని స్కాట్లండ్ యార్డ్‌కు అప్పగించాడు. 1970 జూన్ ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. డిటెక్టివ్‌లు మలేసియాకు బయలుదేరకముందే దర్యాప్తు ఆగిపోయింది.

బతాంగ్ కాలి హతుల కుటుంబాలు లండన్ కోర్టుల్లో అడిగింది బహిరంగ విచారణ. 2015 నవంబర్ 25న బ్రిటన్ సుప్రీంకోర్టు కాదంది. యూరోపియన్ మానవహక్కుల ఒడంబడిక కింద వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే హక్కును బ్రిటన్ ఒప్పుకున్నది 1966లో. మరణాలు అంతకు 17 ఏళ్ళ పైచిలుకు ముందివి. ఆ ఎడం పదేళ్ళకు మించితే దర్యాప్తు చేయాల్సిన బాధ్యత ఉండదన్నది లెక్క. తిరస్కరించిన న్యాయమూర్తుల్లో ఒకరైన లార్డ్ కెర్ సైతం, చంపబడినవారు నిరపరాధులనే వైపే సాక్ష్యం బలంగా మొగ్గుతోందని రాశారు. విచారణ నిరాకరించడం సబబు కాదని విభేదించినవారు లేడీ హేల్ ఒక్కరే. 2018లో యూరోపియన్ మానవహక్కుల కోర్టు కూడా తలుపు మూసింది.

రెండు ఘటనల స్వభావం ఒకటే. ఫలితం మారింది కోర్టు కాలాన్ని ఏ కోణంలో చూసిందన్న దాని వల్ల. హేగ్ కోర్టు ఆ కాలంలో ఎవరు ఏం చేశారని అడిగింది. లండన్ కోర్టు ఎన్నేళ్ళు గడిచాయని అడిగింది. మొదటి ప్రశ్నే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. గడువు చట్టాల ఉద్దేశం మంచిదే. హక్కు ఉండీ నిద్రపోయినవాడు ఎదుటివాణ్ణి ఎల్లకాలం వేలాడదీయకూడదు. కానీ జావా పల్లెలోని నిరక్షరాస్య వితంతువుకు హేగ్‌లోని దస్తావేజుల సంగతి ఎవరు చెప్పారు? మలయా తోటలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు 1950లో ఏ కోర్టు మెట్లెక్కి బ్రిటిష్ సైన్యం మీద ఫిర్యాదు చేయగలిగేవాడు? 1970 దర్యాప్తు సాగి ఉంటే కాల్చిన సైనికులూ, చూసిన ఆడవాళ్ళూ ఎదురెదురుగా సాక్ష్యం చెప్పేవారు. దాన్ని ఆపినవారే తర్వాత వచ్చి సాక్షులు మిగల్లేదంటే, తన తప్పు నుంచి తానే లాభపడటం అవుతుంది. ఆ పని ఒక వ్యక్తి చేస్తే ఏ న్యాయస్థానమూ ఊరుకోదు. రాజ్యం చేసినా ఊరుకోకూడదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. సాక్ష్యం పాతబడితే న్యాయవిచారణ సాధ్యమా అన్నది మొదటిది. ఒక మనిషిని జైలుకు పంపే క్రిమినల్ కేసులో ఈ ప్రశ్నకు బరువుంది. నిజం తేల్చే విచారణకూ, రాజ్యం చెల్లించే పరిహారానికీ అంత బరువు లేదు. రావగెదె కేసులో బలమైన సాక్ష్యం డచ్చి ప్రభుత్వం సొంత కాగితాలే. సాక్ష్యాన్ని పనిగట్టుకుని చెరిపిన చోట కూడా పూనిక ఉంటే నిజం బయటపడుతుందని బోస్నియాలోని స్రెబ్రెనిత్సా చూపింది. 1995 జూలైలో అక్కడ 8,000 మందికి పైగా పురుషులను, బాలురను బోస్నియా సెర్బు సైన్యం చంపింది. నేరం కప్పిపుచ్చడానికి కొన్ని నెలల తర్వాత బుల్డోజర్లతో గోతులు పెకలించి శవాలను వేరే చోట్లకు తరలించింది. అందుకే ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. బంధువుల రక్తం తీసుకుని, ఎముకల డీఎన్‌ఏతో పోల్చి, చనిపోయినవారిలో అత్యధికులను గుర్తించారు. కొడుకు తొడ ఎముక ఒక్కటే దొరికిందని కబురు వస్తే, దాన్ని పొతోచారి స్మారక శ్మశానంలో ఇప్పుడే ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్నది ఆ తల్లి తేల్చుకోవాలి. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు తవ్వుతారని అడిగేవారికి జవాబు ఆ తల్లి పరిస్థితిలోనే ఉంది. ఆమెకు ఇది ఇంకా జరుగుతున్న విషయమే.

ఇలా పోతే ఏ శతాబ్దం దాకా వెళతారు, దీనికి అంతమెక్కడ అన్నది రెండో అభ్యంతరం. హద్దు గీయవచ్చు, గీశారు కూడా. 2011 నాటి హేగ్ కోర్టు తీర్పు నేరుగా నష్టపోయి, బతికి ఉన్న వితంతువులకు, క్షతగాత్రులకు వర్తించింది. 2015లో అదే కోర్టు హతుల పిల్లలను కూడా చేర్చింది. 2020లో డచ్చి ప్రభుత్వం ఆ పిల్లలకు 5,000 యూరోల చొప్పున ఇస్తామని ప్రకటించింది. నేరం తాలూకు దెబ్బను సొంత బతుకులో అనుభవించినవారు ఉన్నంతవరకు అన్నది న్యాయమైన హద్దు. అది కాలంతోపాటు దానంతటదే ముగుస్తుంది.

తాతల తప్పుకు నేటి పౌరులు పన్నులు ఎందుకు కట్టాలన్నది మూడోది. శిక్ష అయితే కట్టకూడదు. బాకీ అయితే కట్టాలి, ఎందుకంటే మంత్రులు మారినా రాజ్యం ఒక్కటే. 1949లో అధికారం అప్పగించేటప్పుడు, వలస ప్రభుత్వం చేసిన 400 కోట్ల గిల్డర్లకు పైగా అప్పును నెదర్లాండ్స్ కొత్త ఇండొనేసియా నెత్తిన పెట్టింది. రావాల్సిన బాకీకి కొనసాగింపు ఉన్నప్పుడు ఇవ్వాల్సిన బాకీకి లేకపోవడం ఏం న్యాయం?

ఇవి దేశాల మధ్య ఒప్పందాలతో తేలాల్సినవి, కోర్టులకేం పని అన్నది చివరి అభ్యంతరం. 1944 జూన్ 10న జర్మన్ సైన్యం గ్రీసులోని డిస్టొమోలో 218 మందిని చంపింది. గ్రీకు కోర్టు 1997లో పరిహారం మంజూరు చేసింది. 2000లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. అమలుకు గ్రీకు ప్రభుత్వమే అనుమతి ఇవ్వలేదు. ఒక దేశపు సైనిక చర్య మీద మరో దేశపు కోర్టు విచారణ జరపరాదని 2012 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. ఆ న్యాయస్థానమే మరో మాట కూడా అంది. పరదేశపు కోర్టు విచారణ నుంచి రాజ్యాలకున్న ఈ మినహాయింపు ఏ కోర్టు వినాలన్నదానికి సంబంధించినది, చేసిన పనిని అది సక్రమం చేయదు. అలాంటప్పుడు బాధితులకు మిగిలేది నేరం చేసిన దేశపు సొంత కోర్టే. ఆ ఒక్క తలుపునూ గడువు పేరుతో మూసేస్తే, హక్కు పుస్తకాల్లో ఉండి మనుషులకు అందకుండా పోతుంది.

యుద్ధనేరాల ప్రాసిక్యూషన్‌కు కాలపరిమితి లేదని 1968 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెబుతోంది. భారతదేశం అందులో భాగస్వామి. ఆ సూత్రం శిక్షల దగ్గరే ఆగిపోకూడదు. రాజ్యం మీద వేసే పరిహార దావాలకూ, నిజం తేల్చే విచారణలకూ వర్తించాలి. గడువు లెక్క నేరం జరిగిన రోజు నుంచి కాక, రాజ్యం తన కాగితాలు బయటపెట్టిన రోజు నుంచి మొదలుకావాలి. ఆగిన దర్యాప్తును తిరిగి తెరిచే బాధ్యత ఆపిన ప్రభుత్వం మీదే ఉండాలి. ఈ సభలో న్యాయవిద్యార్థులు, న్యాయవాదులు, రేపు న్యాయపీఠం ఎక్కబోయేవారు ఉన్నారు. మీ ముందు ఏ ప్రభుత్వ న్యాయవాది అయినా లేచి ఈ కేసుకు గడువు తీరిపోయిందని అన్నప్పుడు, ఆ ఆలస్యం ఎవరు చేశారో ముందు చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా కేసు కొట్టేయకండి.