ప్రయోగశాల పరికరములు - వాని సరఫరా

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



బీరువాల నిండ పుస్తకములున్నను, దీపములో చమురు లేనినాడు గ్రంథాలయమున రాత్రివేళ చదువు సాగదు. ప్రయోగశాల సంగతియు నట్టిదే. గొప్ప యంత్రము నొకదానిని కొని బల్లపై నిలిపినంత మాత్రమున ప్రయోగశాల యేర్పడదు. దానికి వలసిన గాజుసామాను, రసాయనములు, విద్యుత్తు, అరిగినచో మార్చుటకు విడిభాగములు, చెడినచో బాగుచేయు మనిషి, ఇవన్నియు వేళకు చేరవలెను. శాస్త్రజ్ఞుడు కనుగొన్న విషయము పత్రికలలో వచ్చును. అతని పేరును వచ్చును. అతని బల్లమీదికి గాజుగొట్టము ఎక్కడినుండి వచ్చినదో ఎవరును వ్రాయరు. నేటి ప్రసంగము ఆ గాజుగొట్టమును గూర్చియే.

సాధారణపు గాజు గ్లాసులో మరుగుచున్న కాఫీ ఒక్కసారిగా పోసినచో టప్పున పగులుట ప్రతి యిల్లాలికిని తెలిసినదే. గ్లాసులో చెంచా నొకదానిని ఉంచి పోసినచో పగులదనియు వారికి తెలియును. ఈ యుపాయమును వారు ఏ శాస్త్రగ్రంథము చదివియు నేర్చుకొనలేదు. వేడి తగిలిన లోపలి పొర వ్యాకోచించును. వెలుపలి పొర ఇంకను చల్లగా నుండి వ్యాకోచింపదు. ఆ రెండింటి పెనగులాటలో గాజు చిట్లును. ప్రయోగశాలలో నైతే పాత్రను మంటపైననే ఉంచవలసి యుండును. అంతియే కాదు, మామూలు గాజునుండి క్షారము కొంచెము కొంచెముగా లోపలి ద్రవములోనికి దిగును. ద్రవములో అణుమాత్రపు తేడాను వెదకు రసాయనజ్ఞునకు పాత్రయే కల్తీ చేసినచో నిక చెప్పవలసినదేమున్నది?

1884వ సంవత్సరమున జర్మనీలోని యేనా పట్టణములో ఆటో షాట్ అను రసాయనజ్ఞుడు, భౌతికశాస్త్రజ్ఞుడైన ఎర్నెస్ట్ అబ్బేతోను, సూక్ష్మదర్శినుల తయారీలో పేరుగాంచిన కార్ల్ జైస్‌తోను కలిసి గాజు కొరకే యొక ప్రయోగశాలను స్థాపించెను. అంతవరకు గాజు చేయుట తండ్రినుండి కొడుకు నేర్చుకొను చేతిపని. ఏ పాలు ఎంత కలిపిన గాజునకు ఏ గుణము వచ్చునో వరుసగా పరీక్షించి చూచుట షాట్ చేసిన పని. ఆ పరీక్షలలో అతనికి మిక్కిలి అక్కరకు వచ్చిన పదార్థము బోరాన్. కంసాలి కొలిమివద్ద నుండు వెలిగారములో నున్నది ఈ బోరానే. నేడు ప్రయోగశాలలలో వాడు బోరోసిలికేటు గాజునందు నూటికి సుమారు 80 పాళ్లు ఇసుకనుండి వచ్చు సిలికాయు, సుమారు 13 పాళ్లు బోరాన్ ఆక్సైడును ఉండును. వేడికి ఇది మామూలు గాజు వ్యాకోచించు దానిలో దాదాపు మూడవవంతు మాత్రమే వ్యాకోచించును. మంటపై నిలుచుటకు కారణ మిదియే.

ముప్పది యేండ్లలో యేనా గాజు ప్రపంచమంతట వ్యాపించినది. ఇంగ్లండులోని కళాశాలలు, కర్మాగారములు సైతము దానినే కొనుచుండెను. మంచి సరకు, నమ్మదగిన వర్తకులు, వేళకు వచ్చు ఓడలు. మరియొక దానిని వెదకవలసిన అవసర మెవరికిని తోచలేదు. 1914వ సంవత్సరము ఆగస్టులో యుద్ధము ప్రారంభమైనది. ఆ దినమునుండి యేనా పట్టణము శత్రుదేశములోనిది. ఫ్లాస్కు పగిలినచో మరియొకటి రాదు. ఉక్కు పరీక్షించు చోట, మందులు చేయు చోట, తుపాకిమందు తయారగు చోట గూడ ఆ గాజే కావలెను. ప్రపంచమందెల్ల పెద్ద నౌకాదళము గల దేశము గాజుపాత్రలకై తడుముకొనవలసి వచ్చెను. అప్పుడు ఇంగ్లండులోని రసాయనశాస్త్ర సంస్థ ఒక సంఘము నేర్పరచినది. హెర్బర్ట్ జాక్సన్ అను ఆచార్యుడు ముందుండి పలు రకముల గాజులకు పాళ్లు నిర్ణయించి, వానిని దేశములోని తయారీదారులకు అందజేసెను. 1915లో షెఫీల్డు విశ్వవిద్యాలయమున టర్నర్ అను నతడు గాజు సాంకేతిక విద్యకు ప్రత్యేక శాఖను ప్రారంభించెను. ఇంటికి నిప్పంటుకొనిన పిదప బావి త్రవ్విన చందమని వీనిని నిందింపవచ్చును. కాని ఆ బావి తరువాత పూడిపోలేదు, ఇది గమనింపదగినది.

అమెరికాలో జరిగిన కథ వేరు. కార్నింగ్ అను కంపెనీవారు రైల్వే లాంతర్ల కొరకు వేడికిని, వానకును పగులని గాజు నొకదానిని చేసియుండిరి. అచ్చటి శాస్త్రజ్ఞుడు జెస్సీ లిటిల్‌టన్ 1913లో ఆ గాజుతో చేసిన బ్యాటరీ జాడీ అడుగుభాగమును కోసి యింటికి తెచ్చెను. అతని భార్య బెస్సీ అందులో కేకును కాల్చెను. జాడీ పగులలేదు, కేకు చక్కగా కాలినది. 1915 నాటికి ఆ గాజు పైరెక్సు అను పేరుతో బజారులోనికి వచ్చినది. వంటింటిపాత్రగా పుట్టి, యుద్ధకాలమున ప్రయోగశాలల కొరతను కూడ కొంత తీర్చినది. శాస్త్రచరిత్రలో ఈ యిల్లాలి పేరు చిన్న అక్షరములలో కనబడుట న్యాయము కాదు.

ఇక మన దేశము. ఆంగ్లేయుల కాలమున మన కళాశాలలకు త్రాసులు, గొట్టములు, లవణములు ఓడలో రావలసినవే. ఈ దైన్యమును ముందుగా గుర్తించి పని మొదలుపెట్టినవారిలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ముఖ్యుడు. 1892లో ఆయన కలకత్తాలో ఒక అద్దె యింటిలో ఏడువందల రూపాయల పెట్టుబడితో బెంగాల్ కెమికల్ సంస్థకు అంకురార్పణ చేసెను. కళాశాలలో పాఠములు చెప్పి వచ్చి, సాయంకాలము మందుల తయారీ చూచుకొనెడివాడు. మహారాష్ట్రమున తళేగాంలో 1908లో వెలసిన గాజు కర్మాగారము మరింత చిత్రమైనది. మనిషికి ఒక పైసా చొప్పున ప్రజలవద్ద వసూలుచేసిన నిధితో దానిని నెలకొల్పిరి; పైసా ఫండు కర్మాగారమనియే దానికి పేరు. చందాలతో నడచు గ్రంథాలయమువారికి ఆ పైసా విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప పనులు త్వరపడినవి. 1950లో కలకత్తాలోని జాదవ్‌పూరున కేంద్ర గాజు, పింగాణి పరిశోధన సంస్థ ప్రారంభమైనది. కటకములకు వలయు ఆప్టికల్ గాజును, ఆ రహస్యము తెలిసిన దేశములు చెప్పకున్నను, ఆత్మారాం ఆధ్వర్యమున ఆ సంస్థవారు స్వయముగా సాధించిరి. 1959లో శాస్త్రీయ పరికరముల సంస్థ ఏర్పడి తరువాత చండీగఢ్‌కు చేరినది. 1962లో కార్నింగ్ కంపెనీ సహకారముతో బోరోసిల్ వచ్చినది. పాఠశాలల సామానునకు హర్యానాలోని అంబాలా పేరుపొందినది. గాజు చిక్కు ఇట్లు చాలవరకు విడినది. మిగిలినది సూక్ష్మమైన యంత్రములు, రసాయనములు. వానిలో పెక్కింటికి నేటికిని విదేశములవైపు చూడవలసియే యున్నది.

యంత్రము చేరినంతనే కథ ముగియదని మొదటనే చెప్పబడినది. దానికి ఆఫ్రికాలోని ఉగాండా దేశమున నొక దృష్టాంతము కలదు. మీరట్‌లో పుట్టి అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నున్న మను ప్రకాశ్ అచ్చటి ఆరోగ్యకేంద్రమున కొకదానికి వెళ్లెను. రక్తమును గిరగిర త్రిప్పి అందలి భాగములను వేరుచేయు సెంట్రిఫ్యూజు యంత్రము ఆ కేంద్రములో నున్నది. కాని అది తలుపు మూసికొనకుండ అడ్డు పెట్టబడి యున్నది! కారణము, ఆ యూర విద్యుత్తు లేదు. ఇచ్చినవారు యంత్రము నిచ్చిరి గాని దానిని త్రిప్పు శక్తి నీయలేదు.

మను ప్రకాశ్‌యు, అతని సహచరులును దీనికి వెదకిన మార్గము మన పల్లెపిల్లల ఆటలోనే యున్నది. సోడామూతను సుత్తితో చదునుచేసి, నడుమ రెండు బెజ్జములు పొడిచి, దారము దూర్చి, రెండు చేతుల లాగుచు వదలుచు నుండగా రివ్వున తిరుగు బిళ్ళ ఎవరికి తెలియదు? ఆ బిళ్ళకు మారుగా కాగితపు చక్రమును పెట్టి, దానిపై సన్నని గొట్టములో రక్తపు బొట్టును అమర్చిరి. ఆ చక్రము నిమిషమునకు 1,25,000 చుట్లవరకు తిరిగినది. నిమిషమున్నరలో రక్తము ప్లాస్మానుండి వేరుపడినది. ఖర్చు ఇరువది అమెరికను సెంట్లు. 2017లో ఈ ఫలితమును ప్రకటించిరి. పెద్ద ఆసుపత్రి యంత్రము చేయు పనులన్నియు ఈ కాగితపు చక్రము చేయజాలదు. అట్లని చెప్పుట అతిశయోక్తి. కాని విద్యుత్తు లేని యూర తలుపునకు అడ్డుపెట్టిన యంత్రముకంటె ఇది నూరురెట్లు మేలు.

సరుకు ఆగినప్పుడు ఏమగునో తెలుగుదేశము సైతము కన్నులార చూచినది. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు రోగి ముక్కునుండి పుల్లతో తీసిన నమూనాను ఒక ప్రత్యేక ద్రవములో ముంచి పంపవలెను. ప్రయోగశాలలో దానినుండి ఆర్.ఎన్.ఏ.ను వేరుచేయుటకు కిట్లు వాడవలెను. ప్రపంచదేశములన్నియు ఒకేసారి ఆ కిట్లకే ఎగబడెను. పరీక్షించు యంత్రమున్నది, పనివారున్నారు, వరుసలో జనులున్నారు, కిట్టు లేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు అసలు ఆ ద్రవమే లేకుండ, ఆ కిట్టే లేకుండ పరీక్ష జరుగునా యని చూచిరి. పుల్లను పొడిగానే తెచ్చి, సులభముగా దొరకు ద్రావణములో నుంచి, వేడిచేసి, నేరుగా యంత్రమున పరీక్షించిరి. ద్రవము ఒలుకు భయము పోయినది. కాలము, ఖర్చు రెండును తగ్గినవి. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి ఈ పద్ధతి నంగీకరించినది. కొరత వచ్చినది గనుక ఉపాయము తట్టినదని చెప్పి ఊరకుండరాదు. అప్పటికే ఏండ్లతరబడి కూడబెట్టిన యంత్రములును, చేయి తిరిగిన మనుషులును అచ్చట నుండుటచేతనే ఆ ఉపాయము పనికి వచ్చినది.

కొనుగోలు నియమముల చిక్కు వేరు. పదివేల రసాయనమునకును కోటి రూపాయల యంత్రమునకును ఒకే తీరున కాగితములు నడచుచున్నవని శాస్త్రజ్ఞులు మొరపెట్టుకొనుట క్రొత్త గాదు. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ శాస్త్రసంస్థలకు కొటేషను లేకుండ నేరుగా కొను పరిమితిని లక్షనుండి రెండు లక్షలకు పెంచినది. 2020 జనవరిలో ప్రారంభమైన ఐ-స్టెమ్ అను ఏర్పాటు మరియొక మేలు. దేశమందలి ప్రభుత్వధనముతో కొన్న యంత్రములు ఏ సంస్థలో ఏమున్నవో ఒకచోట జాబితా చేసి, రుసుము చెల్లించిన పరిశోధకులకు, విద్యార్థులకు, చిన్న పరిశ్రమలకు వాడుకొను వీలు కల్పించిరి. పొరుగూరి గ్రంథాలయమునుండి పుస్తకము తెప్పించుకొనుట వంటి దిది. తేడా యేమనగా, ఇందులో పుస్తకము రాదు, చదువరియే పోవలెను.

చివర ఉన్నత పాఠశాల సంగతి. విజ్ఞానశాస్త్రపు బీరువా పెక్కు చోట్ల తాళము వేసియే యుండును. అందుకు ఉపాధ్యాయుని నిందించుట తేలిక. పరీక్షనాళిక పగిలినచో దానిని పద్దునుండి కొట్టివేయుటకు అర్జీ, సంజాయిషీ, సంతకములు. క్రొత్తది వచ్చుట మాత్రము అనుమానము. అట్టి స్థితిలో గాజును కాపాడుట కేవలము జాగ్రత్తయే యగును, బోధన కాదు. పుస్తకము చిరుగునని గ్రంథాలయము బీరువా తెరువకుండునా? బిడ్డ చేతిలో పగిలిన నాళికను అక్కరకు వచ్చిన నాళికగా లెక్కించి, ఏటేట కొంత సామాను అడుగకయే చేరు ఏర్పాటుండవలెను. అందుకు వలసినది కొండంత కాదు. నాలుగు డజన్ల పరీక్షనాళికలు, డజను బీకర్లు, రెండు బ్యూరెట్టులు, లిట్మసు కాగితములు, స్పిరిటు దీపములకు వత్తులు, పట్టుకారులు కొన్ని, తుడిచి మెత్తగా నుంచుటకు గుడ్డ. ఈ జాబితా యంతయు ఒక పోస్టుకార్డు మీద పట్టును.